రెండో నెల మాత్ర

తెల్లవారుజామున గంపలగూడెంలో ఒక తల్లి, పాతికేళ్ల కొడుకు తిరువూరు బస్సు కోసం నిలబడి ఉన్నారనుకోండి. తల్లి చేతిలో గుడ్డసంచి. అందులో ఆసుపత్రి చీటీ, ఖాళీ అయిన మాత్రల షీట్లు, మధ్యాహ్నానికి కట్టుకున్న పెరుగన్నం. తిరువూరులో దిగి బెజవాడ బస్సెక్కాలి. మొత్తం మీద డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దారి. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీకి ఒక వరుస, డాక్టరుగారి గది ముందు ఒక వరుస, మందుల కిటికీ దగ్గర మరో వరుస. తిరిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కాబట్టి తల్లికి ఛార్జీ లేదు. కొడుక్కి మాత్రం టికెట్ కొనాల్సిందే. ఆ రోజుకి ఇద్దరి కూలీ పోయినట్టే. పత్తి తీతల కాలమైతే ఆ నష్టం మరీ బరువు.

మొదటి నెల ఈ ప్రయాణం ఎవరైనా చేస్తారు. భయమే బస్సెక్కిస్తుంది. పిల్లాడు వారం రోజులుగా కన్ను మూయలేదు. తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. అన్నంలో ఎవరో ఏదో కలిపారంటున్నాడు. అలాంటప్పుడు దూరం ఎవరికి గుర్తుంటుంది? కానీ మాత్రలు వేసుకున్న నెల రోజులకి పిల్లాడు నిద్రపోతున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, చేనికి వస్తానంటున్నాడు. షీట్లు అయిపోయాయి. ఇప్పుడు మళ్లీ ఆ డెబ్బై కిలోమీటర్లు వెళ్లాలా?

మానసిక వైద్యానికి అసలు పరీక్ష ఇక్కడే. మొదటి నెల కాదు... రెండో నెల!

బాగైంది కదా అని...

పల్లెల్లో ఇలాంటి జబ్బు ముందుగా ఆసుపత్రి గుమ్మం తొక్కదు. "వదినా, పిల్లాడికి గాలి సోకిందేమో, ఒకసారి చూపించరాదూ?" అని పక్కింటావిడ అంటుంది. ఆ మాటలో దురుద్దేశం లేదు, ప్రేమే ఉంది. తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు, మొక్కు మొక్కుతారు. తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర నిద్రకి ఇంజెక్షన్. ఆ తర్వాత ఎవరో బంధువు చెబితే పట్నం. ఇన్ని మెట్లు దాటేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి.

తీరా మందు మొదలయ్యాక కూడా చిక్కులున్నాయి. డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రలు తలనొప్పి మాత్రల్లాంటివి కావు. వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు నోరెండడం, మగత, కడుపులో వికారం వంటి ఇబ్బందులు ముందే కనిపిస్తాయి. 'మందు పడలేదు' అని కొందరు అక్కడే ఆపేస్తారు. ఇక గుణం కనిపించినవాళ్లు 'బాగైంది కదా' అని ఆపేస్తారు. రెండూ పొరపాటే. డిప్రెషన్ తగ్గిన తర్వాత కూడా తొమ్మిది నుంచి పన్నెండు నెలల పాటు, స్కిజోఫ్రెనియా వంటి జబ్బులు తొలిసారి వచ్చి తగ్గితే కనీసం ఏడాది పాటు మందు కొనసాగించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. తిరగబెట్టిన ప్రతిసారీ మనిషిని మళ్లీ మామూలు దారిలోకి తేవడం కష్టమవుతుంది. ఊళ్లోవాళ్లు మాత్రం "పెద్దాసుపత్రి మందులు కూడా చూశాంగా, ఏమీ కాలేదు" అంటారు. నిజానికి మందు ఓడిపోలేదు. మందు అందకుండా పోయింది.

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్లలో పది శాతం పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని అది తేల్చింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. అయినా ఆ అంకె అర్థం కావడానికి సర్వే అక్కర్లేదు. ఏ ఊళ్లోనైనా ఓ వీధి నడిస్తే చాలు.

గోడల వెనక నుంచి పల్లె గడప దాకా

ఒకప్పుడు మానసిక వైద్యమంటే పిచ్చాసుపత్రి. అదొక్కటే. విశాఖపట్నంలో 1871లో తెల్లదొరల కాలంలోనే అలాంటి ఆసుపత్రి వెలిసింది. నిజాం రాష్ట్రానికి జాల్నాలో ఉండేది. 1953లో దాన్ని హైదరాబాద్ ఎర్రగడ్డకు తెచ్చారు. 'ఎర్రగడ్డకు పంపాలి' అన్న మాట తెలుగువాళ్ల ఇళ్లలో ఎగతాళిగా స్థిరపడిపోయింది. ఆ ఎగతాళే ఎన్నో కుటుంబాలను ఆసుపత్రికి దూరంగా ఉంచింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఎర్రగడ్డ తెలంగాణకు వెళ్లింది. గంపలగూడెంవాళ్లకు ఖమ్మం జిల్లా పొలిమేర కూతవేటు దూరమే. అయినా సొంత రాష్ట్రంలోని పెద్ద మానసిక వైద్యశాల విశాఖలోనే. అది మూడు వందల కిలోమీటర్ల పైమాటే. కడపలో వంద పడకల మానసిక వైద్యశాలను 2023లో ప్రారంభించారు గానీ, కృష్ణా పక్కనున్న పల్లెలకు అదీ దూరాభారమే.

అంత దూరం వెళ్లాల్సిన అవసరం అందరికీ లేదని ఎప్పుడో తేలింది. 1980వ దశకంలో నిమ్హాన్స్ వైద్యులు కర్ణాటకలోని బళ్లారి జిల్లాను ఎంచుకున్నారు. తెలుగు మాట్లాడేవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న జిల్లా అది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని మామూలు డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. కొన్ని ముఖ్యమైన మందులు అక్కడే ఉంచారు. చాలామంది రోగులకు వాళ్ల ఊరి దగ్గరే వైద్యం చేయవచ్చని నిరూపించారు. 1982లోనే కేంద్రం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించింది. బళ్లారి అనుభవంతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దేశంలో మొట్టమొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో ఒకటి మన మెదక్!

ఈ ఆలస్యానికి మూల్యం ఎంతో తమిళనాడులోని ఏర్వాడి చెప్పింది. 2001 ఆగస్టు 6న అక్కడి దర్గా దగ్గరలోని ఒక ఆశ్రమ షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు పారిపోలేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లను అక్కడ వదిలినవాళ్లంతా కసాయివాళ్లేం కాదు. చాలామంది దగ్గరలో వైద్యం దొరక్క, ఇంట్లో చూసుకోలేక దేవుడి మీద భారం వేసిన తల్లిదండ్రులే.

ఏ పని ఎవరిది?

ప్రభుత్వ మానసిక వైద్యం ఒక్క ఆఫీసు నడిపే బండి కాదు. చాలా చేతులు పడాలి. ఎవరి పని ఏమిటో తెలిస్తే ఎక్కడ అడగాలో తెలుస్తుంది.

అన్నిటికంటే పైన రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇది ప్రతి రాష్ట్రంలో ఉండాలి. వైద్య ఆరోగ్యశాఖ కార్యదర్శి దీనికి అధ్యక్షులు. ప్రభుత్వానివైనా, ప్రైవేటువైనా మానసిక వైద్యశాలలను నమోదు చేయడం, వాటికి ప్రమాణాలు పెట్టడం, లోపాల మీద ఫిర్యాదులు వినడం దీని పని. వైద్యం పొందినవాళ్లకు, వాళ్లను చూసుకునే కుటుంబసభ్యులకు కూడా ఇందులో చోటివ్వాలని చట్టం చెబుతోంది.

డబ్బు జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా వస్తుంది. కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఒక్కో జిల్లాకు ఏడాదికి 83.2 లక్షల రూపాయల దాకా ఇవ్వవచ్చని మార్గదర్శకాలున్నాయి. ఏం చేయాలో రాష్ట్రమే ఏటా ప్రణాళిక రాసి ఢిల్లీకి పంపాలి. ఆ ప్రణాళికలో రాయని పనికి డబ్బు రాదు.

వైద్యం చేసేది జిల్లా బృందం. అందులో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు, రోగుల నమోదు చూసే సహాయకుడు ఉండాలి. వీళ్లు జిల్లా కేంద్రంలో వైద్యం చేస్తూనే కింది ఆసుపత్రులకు వెళ్లాలి. అక్కడి డాక్టర్లకు శిక్షణ ఇవ్వాలి. 2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లాను విడదీసి ఎన్టీఆర్ జిల్లా ఏర్పాటు చేశారు. ఆ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారమే 22 లక్షల పైచిలుకు. ఇంతమందికి ఒక బృందం!

మందులు కొని పెట్టే పని వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థది. ఆసుపత్రి నుంచి 'మాకు ఇన్ని కావాలి' అని ఇండెంట్ వెళ్తే, జిల్లాలోని సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచి సరుకు వస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. రోగులు రాకపోతే వాడకం కనిపించదు. వాడకం కనిపించకపోతే ఇండెంట్ తగ్గుతుంది. ఇండెంట్ తగ్గితే ఈసారి వచ్చిన రోగికి మాత్ర ఉండదు. మాత్ర లేదని తెలిస్తే ఆ రోగి మళ్లీ రాడు. చెరువులో నీళ్లు లేవని తూము మూసేస్తే, తూము మూశారని చెరువును పట్టించుకోకపోతే ఎలా ఉంటుందో అలా!

చట్టం తిరువూరులో దిగిపోయింది

2018లో అమల్లోకి వచ్చిన ఈ చట్టం పాత చట్టాల్లా రోగిని ఎక్కడ బంధించాలో చెప్పదు. అతనికి ఏం హక్కులున్నాయో చెబుతుంది. మానసిక వైద్యం అందుకోవడం ప్రతి పౌరుడి హక్కని 18వ సెక్షన్ అంటుంది. పేదలకు, దిక్కులేనివాళ్లకు వైద్యం ఉచితం. మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. రోగి దూరాభారం ప్రయాణం చేయాల్సిన పని లేకుండా, ఇంటికి దగ్గరలోనే సేవలు అందేలా ప్రభుత్వం చూడాలి. ఆ తెల్లవారుజాము బస్సు కోసం నిలబడ్డ తల్లి ఈ మాట చదివితే ఏమనుకుంటుందో!

అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. అత్యవసర మందుల జాబితాలోని మానసిక వైద్య ఔషధాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎల్లవేళలా ఉచితంగా దొరకాలి. ఎక్కడి నుంచి? సామాజిక ఆరోగ్య కేంద్రం, ఆపై స్థాయి ఆసుపత్రుల నుంచి. అంటే గంపలగూడెంవాళ్లకు చట్టం హామీ ఇచ్చిన మాత్ర బెజవాడ నుంచి బయల్దేరి తిరువూరు దాకా వచ్చి అక్కడే దిగిపోయింది. ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావాలని అంత గట్టిగా చెప్పలేదు. మానసిక వైద్యాన్ని ప్రాథమిక స్థాయిలో కూడా కలపాలని చట్టమే అంటోంది. కానీ 'కలపాలి' వేరు, 'మాత్ర ఉండాలి' వేరు. ఆ రెండు మాటల మధ్య మిగిలిపోయింది ఇరవై కిలోమీటర్ల దారి. వానాకాలంలో కట్టలేరు పొంగితే ఆ కాస్త దారీ కష్టమయ్యే ఊళ్లున్నాయి.

దారి చివరిదాకా వేయకపోతే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ పెద్ద పెద్ద మానసిక వైద్యశాలల బదులు ప్రజల మధ్యనే వైద్య కేంద్రాలు పెట్టాలని చట్టం తెచ్చారు. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి. అనుకున్న కేంద్రాలు మాత్రం సగం వరకే లేచాయి. బయటికొచ్చినవాళ్లలో ఎందరో వీధుల పాలయ్యారు, జైళ్ల పాలయ్యారు. సంకల్పం మంచిదే. చివరి మెట్టు కట్టలేదు, అంతే.

రాని మనిషిని వెతికేదెవరు?

మరి దీనికి మార్గం లేదా? ఉంది. అదీ మన ఊళ్లోనే ఉంది.

క్షయ రోగి సంగతి చూడండి. అతనికీ నెలల తరబడి మాత్రలే. అతనూ కాస్త బాగవగానే ఆపేయాలనుకుంటాడు. అందుకే క్షయ కార్యక్రమంలో మాత్ర ఊరికి వస్తుంది. రోగి పేరు నమోదవుతుంది. రాకపోతే ఆరోగ్య కార్యకర్త తలుపు తడుతుంది. "ఏమయ్యా, ఈ నెల మాత్రలు తీసుకోలేదేం?" అని అడిగే మనిషి ఉంటుంది. బీపీ, షుగరు మాత్రలు ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వచ్చాయి. గుండెకూ, ఊపిరితిత్తులకూ చేసిన ఏర్పాటు మనసుకు ఎందుకు చేయకూడదు?

సగం ఏర్పాటు ఇప్పటికే ఉంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్త నింపే ఫారంలో బీపీ, షుగరు, క్యాన్సర్ల సంగతితో పాటు చివర్లో రెండు ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో చేసే పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, నిరాశగా అనిపిస్తోందా? చాలా ఇళ్లలో ఈ ప్రశ్నలకు నవ్వేసి "అదేం లేదమ్మా" అంటారు. ఈసారి ఆమె వస్తే కుర్చీ వేసి, నిజం చెప్పండి. ఆ ఫారం రెండో నెల మాత్రకు తొలి మెట్టు.

మిగతా సగానికి కావలసింది కొత్త భవనాలు కాదు. పెద్దాసుపత్రి డాక్టరు నిర్ణయించిన మందును నెలనెలా ఇవ్వడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు శిక్షణ. అరడజను రకాల మాత్రలకు ఇండెంట్. రానివాళ్ల పేర్లు రాసే ఒక రిజిస్టరు. తలుపు తట్టే మనిషికి ఆ బాధ్యత అప్పజెప్పే ఉత్తర్వు. దీన్ని ఏటా ఢిల్లీకి పంపే ప్రణాళికలో రాయాల్సింది రాష్ట్రమే.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి

ప్రభుత్వం చేసేలోపు కుటుంబం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. డాక్టరుగారిని మందు పేరు కంపెనీ పేరుతో కాకుండా జనరిక్ పేరుతో, స్పష్టంగా రాసివ్వమని అడగండి. అదే మందు తిరువూరులో దొరుకుతుందేమో ముందే కనుక్కోండి. 'నెలనెలా అక్కడే తీసుకోవచ్చు' అని ఓ చీటీ రాయించుకోండి. ఇబ్బందులుంటే మాత్ర ఆపకండి. డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు, మందు మారుస్తారు.

బస్సెక్కే వీలు లేని రోజు ఫోనుంది. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. మద్యం, గంజాయి వంటి వ్యసనాల నుంచి బయటపడాలనుకునేవాళ్లకు 14446 నంబరుంది.

పురుగుమందు తాగిన మనిషిని ఆసుపత్రికి తెస్తే ఆత్మహత్యాయత్నం కేసు పెడతారన్న భయం ఇంకా పల్లెల్లో ఉంది. ఆ భయంతో ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు.

దీర్ఘకాలం బాధపడుతున్నవాళ్లకు సదరం శిబిరంలో పరీక్ష చేయించవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఒకటి. 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువీకరిస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆసుపత్రిలో అన్యాయం జరిగిందనిపిస్తే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు.

ఇక మొక్కుల సంగతి. నెమలి వేణుగోపాలస్వామి గుడి ఈ మండలంలోనే ఉంది. బిడ్డ బాగుండాలని స్వామికి దండం పెట్టుకుంటే ఏ డాక్టరూ కాదనడు. దండం పెట్టిన చేత్తోనే మాత్ర కూడా ఇవ్వమంటాడు.

గంపలగూడెంలో తెల్లవారుజామున ఆ తల్లి మళ్లీ నిలబడి ఉందనుకోండి. ఈసారి చేతిలో గుడ్డసంచి లేదు, పెరుగన్నం లేదు. కొడుకు అప్పటికే చేనికి వెళ్లిపోయాడు. ఆమె నాలుగు అడుగులు వేసి ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో చీటీ చూపించి, రిజిస్టరులో వేలిముద్ర వేసి, మాత్రల షీటు కొంగున ముడేసుకుని పొయ్యి వెలిగించే వేళకి ఇంటికి తిరిగొచ్చింది. రాష్ట్ర ఆరోగ్యశాఖ ఎన్ని సమావేశాలు పెట్టినా, ఎన్ని ఉత్తర్వులిచ్చినా, అవి ఫలించాయో లేదో చెప్పేది ఆ కొంగుముడే.